కట్ట పలచబడాలి, ఊరు పెరగాలి: కార్డులతో ఊరు కట్టే ఆట చేస్తున్న తెలుగు డెవలపర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, బెంగళూరు స్టూడియోలోనో పగలు ఎవరి ఆటకో పనిచేసి, రాత్రి సొంత ఆట మీద కూర్చునే తెలుగు గేమ్ డెవలపర్లకు,

నమస్కారం.

ఆడుతూ సొంత కార్డుల కట్టను పేర్చుకునే డెక్‌బిల్డింగ్‌నూ, ఊరు కట్టే సిటీ బిల్డింగ్‌నూ కలిపి ఒక స్ట్రాటజీ గేమ్ చేద్దామన్న ఆలోచన చిన్న బృందాలకు రావడంలో వింతేమీ లేదు. నడిచే మనుషులకు యానిమేషన్ అక్కర్లేదు, సంభాషణలు రికార్డు చేయనక్కర్లేదు. 60 కార్డులు, ఒక గళ్ల పటం, కొన్ని నియమాలుంటే వారంలో ప్రొటోటైప్ (తొలి నమూనా) లేస్తుంది. మొదటి అరగంట ఆడించి చూస్తే అందరూ బాగుందనే అంటారు. చిక్కంతా మూడో గంటలో మొదలవుతుంది. ఆ మూడో గంట గురించే ఈ ఉత్తరం. ఈ తరహా ఆటలు ఆడుతూ, లెక్కలు విప్పి చూసే కొందరం కలిసి రాస్తున్నాం.

మీరు రెండు రకాల ఆటల్ని కలుపుతున్నామనుకుంటున్నారు. నిజానికి ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండు కోరికల్ని ఒకే బల్ల మీద కూర్చోబెడుతున్నారు. కార్డుల ఆటలో గెలిచేది పలచని కట్ట. 2019లో పూర్తి రూపంలో విడుదలైన కార్డుల పోరాట ఆట స్లే ద స్పైర్‌నే చూడండి. అందులోని యోధుడు ఐరన్‌క్లాడ్ 10 కార్డులతో మొదలవుతాడు: 5 స్ట్రైక్‌లు (మామూలు దెబ్బ), 4 డిఫెండ్‌లు (కాపు), 1 బ్యాష్ (గట్టి దెబ్బ). టర్న్‌కు 5 కార్డులు చేతికొస్తాయి, రెండు టర్న్‌లకు కట్ట ఒక చుట్టు తిరుగుతుంది. ఆరితేరినవాళ్లు దుకాణంలో 75 గోల్డ్ పోసి మరీ ఒక స్ట్రైక్‌ను తీయించేస్తారు. రెండోసారి తీయించాలంటే 100. పనికిరాని ముక్క పోతే పనికొచ్చే ముక్క త్వరగా వస్తుందని వాళ్లకు తెలుసు. ఊరు కట్టేవాడి మనసు దీనికి పూర్తిగా తలకిందులు. వాడికి ఇంకో ఇల్లు కావాలి, ఇంకో గాదె కావాలి, పటం అంచుదాకా కట్టేయాలి.

ఈ రెండూ ఢీకొంటే ఏమవుతుందో ఒక చిన్న లెక్క. 10 కార్డుల కట్ట, అందులో ‘కోత’ కార్డు ఒకటి. టర్న్‌కు 5 కార్డులు తీస్తాం కాబట్టి కోత సగటున 2 టర్న్‌లకోసారి వస్తుంది, వచ్చినప్పుడు 12 బస్తాలిస్తుంది. ఊళ్లో ఆరుగురు, మనిషికి టర్న్‌కు ఒక బస్తా. రెండు టర్న్‌లకు 12 ఖర్చు, 12 రాబడి. సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు ఆటగాడు మీరు చూపించిన భవనాలన్నీ ముచ్చటపడి తీసుకున్నాడు. కట్ట 30 కార్డులైంది, జనం 18 అయ్యారు. కోత ఇక 6 టర్న్‌లకోసారి. ఆ ఆరు టర్న్‌లలో ఊరు తినేది 108 బస్తాలు, వచ్చేవి అవే 12. ఊరు మూడింతలైతే ఖర్చు రాబడికి తొమ్మిదింతలైంది. ఆటగాడు తప్పేమీ చేయలేదు, మీరు కట్టమన్నవే కట్టాడు. అయినా ఆకలితో ఊరు ఖాళీ అవుతుంది, ఎందుకైందో వాడికి అంతు పట్టదు. ‘ముక్క పడలేదు’ అనుకుని మళ్లీ మొదలుపెడతాడు. రెండుమూడుసార్లు అలా జరిగాక ఇక మొదలుపెట్టడు.

దీనికి మేం నమ్మే మందు రెండు భాగాలు. మొదటిది, భవనం కార్డు నేల మీదకు దిగిందంటే ఆ ఆట ముగిసేదాకా కట్టలోకి తిరిగి రాకూడదు. స్లే ద స్పైర్‌లో పవర్ కార్డు వాడాక ఆ పోరాటం అయ్యేదాకా కట్టలో కనిపించదు కదా, ఆ పద్ధతే. కట్టలో తిరుగుతుండాల్సినవి పనులు మాత్రమే: కోత, కూలి, సంత, మరమ్మతు లాంటివి. రెండోది, రెండో మడి రెండో కోత కార్డును తేకూడదు, ఉన్న కోతకే ఇన్ని బస్తాలని కలపాలి. అప్పుడు కట్ట 12 నుంచి 16 కార్డుల మధ్య నిలకడగా ఉంటుంది, ఒక్కో కార్డు బలం మాత్రం ఊరితో పాటు పెరుగుతుంది. చేతిలో కార్డు మీద ‘కోత: 48’ అని చూసినప్పుడు, ఆ 48 తను కట్టిన నాలుగు మడుల్లోంచి వచ్చిందని ఆటగాడికి కనిపిస్తుంది. పటానికీ కట్టకూ చుట్టరికం కలిసేది అక్కడే. చాలా ప్రొటోటైపుల్లో ఆ చుట్టరికం ఉండదు. కార్డులొక ఆట, పటమొక ఆట, మధ్యలో ఒక మౌస్.

అలాగని కట్టను మరీ పలచబడనివ్వకండి. చేతికి 5 కార్డులు వచ్చే ఆటలో కట్ట 5కో 6కో దిగితే ప్రతి టర్న్ ఒకేలా ఉంటుంది, ఆట కాస్తా గుమాస్తా పని అవుతుంది. అందుకే కట్టలోకి చెత్త చేరే దారి కూడా ఉండాలి. దానికి మన చెరువులు చక్కని సాకు ఇస్తాయి. చెరువున్న ఊళ్లో నాలుగు టర్న్‌లకోసారి ‘పూడిక’ కార్డు ఒకటి కట్టలో పడాలి. దానితో ఏ పనీ జరగదు, చేతిలో చోటు మాత్రం తింటుంది. పూడికతీత పని చేయిస్తే పోతుంది, పైగా ఆ మట్టిని మడికి తోలితే కోతకు 2 బస్తాలు కలుస్తాయి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి పొలాలకు ఎందుకు తోలారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఆటగాడికి ట్యుటోరియల్ అవసరం లేని నియమం దొరకడం అదృష్టం, వదులుకోవద్దు.

ఇప్పటికే వచ్చిన ఆటలు ఈ ఢీని ఎలా తప్పించుకున్నాయో చూస్తే మీకు సగం పని కలిసొస్తుంది. ఈ దారిలో అందరికంటే దూరం వెళ్లింది వార్సాలోని ఎరెమైట్ గేమ్స్ చేసిన అగెయిన్‌స్ట్ ద స్టార్మ్. 2023 డిసెంబరులో పూర్తి రూపంలో వచ్చింది. నికార్సైన డెక్‌బిల్డర్ అంటే కొందరు ఒప్పుకోరు. వాళ్ల మాటా నిజమే, అందులో చేతిలో పట్టుకునే కార్డులే లేవు. కానీ డెక్‌బిల్డర్‌లోని రుచి, అంటే ముందున్న కొన్నిటిలో ఒకటి ఏరుకుని మిగతావి వదులుకోవడం, అంతా అందులో ఉంది. పేరుప్రతిష్ఠలు పెరిగేకొద్దీ బ్లూప్రింట్లు (కొత్త భవనాల నమూనాలు) చూపిస్తారు, ఒకటి తీసుకోవాలి. ఆటలోని ఏడాదికోసారి కార్నర్‌స్టోన్ (ఊరంతటికీ పనిచేసే వరం) ఒకటి ఏరుకోవాలి. కట్ట లేదు కాబట్టి అది బరువెక్కే సమస్యే లేదు.

దాని అసలు బలం మేం చూసినంతలో వేరే చోట ఉంది. ఒక వస్తువు తయారు కావడానికి ఒకటే దారి ఉండదు. ఇటుకలకు బంకమన్నైనా రాయైనా పనికొస్తుంది. గుడ్డకు నారైనా, రెల్లైనా, తోలైనా సరే. ఒకే వస్తువును వేర్వేరు భవనాలు వేర్వేరు నక్షత్రాల సామర్థ్యంతో చేస్తాయి. మంచి భవనం ఏదీ దక్కకపోయినా క్రూడ్ వర్క్‌స్టేషన్ అనే నాటు కార్ఖానా ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. పలకలు, ఇటుకలు, గుడ్డ అన్నీ చేసిపెడుతుంది, ముడిసరుకు మాత్రం దండిగా మింగుతుంది. అదృష్టం కలిసిరానివాడు నెమ్మదిస్తాడు గానీ ఆగిపోడు. మీ ఆట నియమాల పుస్తకంలో మొదటి పేజీలో రాసుకోవలసిన సంగతి ఇదే: దురదృష్టం ఖరీదు పెంచాలి, దారి మూయకూడదు.

బలహీనతలు దానికీ ఉన్నాయి. బ్లూప్రింట్ ఏరుకోవాలంటే ఏ సరుకుతో ఏది తయారవుతుంది, ఏ జాతికి ఏది ఇష్టం అన్న పెద్ద సాలెగూడు తలలో ఉండాలి. బీవర్లకు నచ్చింది లిజర్డ్‌లకు నచ్చకపోవచ్చు. కొత్తవాళ్లు ఆట ఆపేసి వంటకాల పట్టిక చదువుతూ కూర్చుంటారు. నిర్ణయాలు ఆట మొదటి సగంలో గుమిగూడి ఉంటాయి. ఆ తర్వాత వేగం పెంచి వాన పడుతుంటే చూడటమే చాలాసేపు. కష్టాన్ని పెంచే ప్రెస్టీజ్ మెట్లు 20 ఉన్నాయి. పైమెట్లకు వెళ్లేకొద్దీ ‘ఏరుకోవడం’ పేరుకే మిగులుతుంది, నిలబడగలిగే ఎంపికలు తగ్గిపోతాయి కాబట్టి. ఇక ముద్దుగా కట్టుకున్న ఊరిని గెలవగానే వదిలేసి ఇంకో చోటికి పోవాలి, బ్లైట్‌స్టార్మ్ అనే తుఫాను వచ్చిందంటే పటం మీద అది ఉండదు కూడా. ఊరి మీద మమకారంతో ఈ రకం ఆటలకు వచ్చేవాళ్లను ఇది గుచ్చుతుంది. ఆ గుచ్చడం ఉద్దేశపూర్వకం, అయినా దాని వెల తెలిసే కట్టాలి.

డచ్చి బృందం సోక్‌పాప్ 2022లో విడుదల చేసిన స్టాక్‌ల్యాండ్స్ ఇంకో కొసకు వెళ్లింది. అక్కడ ఊరే కార్డులు, కార్డులే ఊరు. మనిషి కార్డు మీద పొద కార్డు పెడితే పండ్లు. ఇల్లు కావాలంటే 2 దుంగలు, 1 రాయి, ఒక మనిషి ఒకదానిమీదొకటి పేర్చాలి. కట్ట బరువు సమస్యను సూటిగా పట్టుకున్నారు: బల్ల మీద 20 కార్డులకే చోటు, షెడ్డు వేస్తే ఇంకో 4, గోదాము కడితే 14. ప్రతి మూన్ (ఆటలో ఒక గడువు) చివర మనిషికి 2 తిండి చొప్పున పెట్టాలి, హద్దు దాటిన కార్డులు అమ్మేయాలి. పెరుగుదలకు ఖరీదు కళ్లెదుట కనిపిస్తుంది. దాని బలహీనత చేతికి తెలుస్తుంది. 60 కార్డులు దాటాక ఆట సగం సేపు సర్దుడే. ఏదెక్కడ పెట్టామో వెతకడం, లాగడం, మళ్లీ పేర్చడం. మీరు ఫోన్ కోసం చేస్తుంటే ఈ దారి పట్టకండి. ఆరు అంగుళాల తెర మీద అన్ని కుప్పలు వేలికి అందవు.

కార్డులతో నేలను పేర్చే లూప్ హీరో ఊరి ఆట అవునా కాదా అన్న తగవు పక్కన పెట్టి, అందులోంచి ఒక్క సంగతి తీసుకోండి. రాయి, కొండ కార్డులు కలిపి పదోది పెట్టగానే గోబ్లిన్లనే శత్రువుల గుడారం పుట్టుకొస్తుంది. 3×3 గళ్లలో పేర్చితే అవే ఒక పెద్ద శిఖరంగా మారి అదనపు ఆయువునిస్తాయి. ఒకే కార్డు, రెండు లెక్కలు: ఎన్ని పెట్టావు, ఎలా పెట్టావు. మంచి కార్డును కూడా ఎన్నోదానికి ఆపాలో ఆటగాడు ఆలోచించేలా చేసే ఇంత చౌకైన ఉపాయం ఇంకోటి మాకు తెలియదు.

ఇక అదృష్టం లెక్కలు. ఇక్కడ చాలామంది మనసుకు తోచిన అంకె వేసేస్తారు, అంకెలు ఆ తర్వాత పగ తీర్చుకుంటాయి. 20 కార్డుల కట్టలో ‘బావి’ కార్డులు రెండు పెట్టి, సరిపోతాయిలే అనుకున్నారనుకోండి. మొదటి 5 కార్డుల్లో కనీసం ఒక బావి వచ్చే అవకాశం 44.7 శాతం. రెండు టర్న్‌లకు, అంటే 10 కార్డులకు, 76.3. మూడు టర్న్‌లకు 94.7. మూడో టర్న్ కల్లా నీళ్లు లేకపోతే ఊరు చస్తుందని మీ నియమం అయితే, 19 మందిలో ఒకరు ఏ తప్పూ చేయకుండా చస్తారు. పోయేవాళ్లు ఆ ఒక్కరితో ఆగరు. స్టోర్ పేజీలో నాలుగు పంక్తులు రాసి మరీ పోతారు. బావిని మొదటి చేతిలో ఖాయంగా పడేలా చేయండి. స్లే ద స్పైర్‌లో ఇన్నేట్ (మొదటి చేతిలోనే వచ్చే కార్డు) అనే మాట ఉన్నది అందుకే.

ఏరుకునే ఆటల్లో ఇదే గుంట ఇంకో రూపంలో ఉంటుంది. 60 భవనాల్లో తిండి ఇచ్చేవి 6 ఉన్నాయి, ప్రతిసారీ 3 చూపిస్తారు. ఒకసారి చూపినప్పుడు తిండి భవనం ఒకటైనా కనబడే అవకాశం 27.5 శాతమే. వరుసగా మూడుసార్లు చూపినా ఒక్కటీ కనబడకపోయే అవకాశం 38 శాతం. పదిమందిలో నలుగురికి దగ్గర దగ్గర. దీన్ని సరిచేయడానికి మొత్తం భవనాల సంఖ్య తగ్గించనక్కర్లేదు. చూపించే మూడు గదుల్లో ఒక గదిని ‘ఊరికి ఇప్పుడు లేనిది’ అన్న వర్గానికి కేటాయించండి, మిగతా రెండూ పూర్తి లాటరీగా ఉండనివ్వండి. ఆటగాడికి ఆ సంగతి దాచకండి, తెలిస్తే దాన్ని వాడుకుని ఆడతాడు. అది మోసం కిందికి రాదు, ఆటే.

యాదృచ్ఛిక సంఖ్యలకు ఒకే జనరేటర్ వాడటం ఇంకో తరచు తప్పు. పటానికి ఒకటి, కార్డులు కలపడానికి ఒకటి, వాన, దాడి లాంటి ఘటనలకు ఒకటి, ఇలా వేర్వేరు సీడ్‌లు (జనరేటర్ మొదలయ్యే అంకెలు) పెట్టండి. ఒకటే అయితే ఆటగాడు ఒక అదనపు కార్డు తీసినా రేపటి వాన మారిపోతుంది. బగ్ వచ్చిన ఆటను మళ్లీ నడిపి చూడటం మీకే కుదరదు. సేవ్ ఫైల్‌లో జనరేటర్ల స్థితిని కూడా రాయాలి, లేదంటే బయటికెళ్లి లోపలికొస్తే మంచి కార్డు పడుతుందని రెండో రోజుకే అందరికీ తెలిసిపోతుంది.

నేల మీద పెట్టడం దగ్గర దయ చూపండి. కార్డు తప్పుగా వేస్తే ఒక టర్న్ పోతుంది. భవనం తప్పు గడిలో పెడితే ఆట మొత్తం ఆ మచ్చ ఉంటుంది. అందుకే పెట్టకముందే ఫలితం చూపించాలి. దీవుల మీద ఊళ్లు కట్టే ఐలాండర్స్‌లో భవనాన్ని చేతిలో పట్టుకుని తిప్పుతుంటే చుట్టుపక్కల ఏది ఎంత కలుపుతుందో, ఏది ఎంత తీస్తుందో అంకెలు అక్కడికక్కడే కనిపిస్తాయి. అంతకు తక్కువ ఏదీ చాలదు. వెనక్కి తీసుకునే బటన్ కూడా ఇవ్వండి, కొత్త సమాచారం ఏదీ బయటపడనంత వరకే: కొత్త కార్డు తీసినా, కొత్త గడి తెరుచుకున్నా ఆ బటన్ ఆరిపోవాలి. ఒక భవనానికి ఇరుగుపొరుగు నియమాలు రెండుకు మించితే ఆటగాడు లెక్క మానేసి ఖాళీ ఉన్నచోట పెట్టేస్తాడు.

మన నేలలో రెడీగా ఉన్న ఇరుగుపొరుగు నియమం గొలుసుకట్టు చెరువులది. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు నీళ్లు, కిందిది నిండితే ఇంకా కిందికి. కోస్తావాళ్లకు మత్తడి అంటే తెలియకపోతే అలుగు అని రాయండి. ఆటలో దీనికి కావలసింది ప్రతి గడికీ ఒక ఎత్తు అంకె, ప్రతి చెరువుకూ ఒక నిండు అంకె, తూము కింద ఆయకట్టుగా మూడు గళ్లు. వాన కార్డు పడితే పై చెరువుకు 6, దాని నిండు 4 అయితే మిగిలిన 2 కిందికి. పైదాన్ని పెద్దది చేస్తే కింది మడులు ఎండుతాయి, చిన్నది చేస్తే వరదకు చెరువు కట్ట తెగుతుంది. పైనున్నవాడికీ కిందున్నవాడికీ తగవు ఊరికే పుడుతుంది, కథ విడిగా రాయనక్కర్లేదు. మధ్యయుగపు యూరప్ పల్లెలు గీసి అమ్మేవాళ్లు బయట చాలామంది ఉన్నారు. రామప్ప, లక్నవరం, పాకాల చెరువులు చూసి పెరిగినవాళ్లు ఆ గీతలనే తిరిగి గీయడం మాకు అర్థం కాని పని.

ముగింపు గురించి. ఊరు నిలదొక్కుకున్నాక మిగిలిన టర్న్‌లన్నీ సాగదీతే, ఈ జాతి ఆటలన్నిటికీ ఉన్న జబ్బు ఇది. అగెయిన్‌స్ట్ ద స్టార్మ్ ఇక్కడ తెలివిగా కోసింది. పేరుప్రతిష్ఠల పట్టీ నిండితే గెలుపు, రాణి అసహనం పట్టీ నిండితే ఓటమి. ఊరు కుదుటపడే వేళకు ఆట అయిపోతుంది. మీరు 30 టర్న్‌లని గడువు పెట్టుకుని ఉంటే, పరీక్ష ఆటల్లో గెలుపోటములు ఏ టర్న్‌కు తేలిపోతున్నాయో చూడండి. 20వ టర్న్‌కే తేలుతుంటే చివరి 10 కోసేయండి.

ఆ సంగతి తెలియాలంటే చిట్టా రాయించాలి. ప్రతి ఆటకూ సీడ్, ప్రతి ఎంపికలో చూపిన కార్డులు, తీసుకున్న కార్డు, పెట్టిన గడి, ప్రతి టర్న్ చివర నిల్వలు, ఒక్కో వరుసగా ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ చాలు. చూపిన ప్రతిసారీ పదిలో తొమ్మిదిసార్లు తీసుకుంటున్న కార్డు ఎంపిక అనిపించుకోదు, దాన్ని మొదటి కట్టలోనే పెట్టేయండి. పదిలో ఒక్కసారి కూడా తీసుకోనిదాన్ని బలపరచడానికి ముందు, అసలు అందులో రాసింది అర్థమవుతోందా అని ఒకరిని పక్కన కూర్చోబెట్టి చదివించండి. తోచినట్టు ఆడే బాట్ (మనిషి లేకుండా ఆడే ప్రోగ్రామ్) ఒకటి, ఈ టర్న్‌లో ఎక్కువ లాభం చూసి ఆడే బాట్ ఒకటి రాసి రాత్రంతా వదిలేయండి. తోచినట్టు ఆడేది కూడా గెలుస్తుంటే మీ ఆటలో నిర్ణయాలే లేవు. లాభం చూసేది ప్రతిసారీ గెలుస్తుంటే రేపటికి దాచుకోవాల్సిన పని లేదు.

చివరగా తెలుగు అక్షరం. కార్డుల ఆటంటే చదివే ఆట, దాన్ని తెలుగులో ఇస్తామంటే మాకంటే సంతోషించేవాళ్లుండరు. అయితే యూనిటీ గేమ్ ఇంజిన్‌లో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు వొత్తుల్ని తనంతట కలపదు. ‘రాష్ట్రం’ అని రాస్తే పొల్లులు విడివిడిగా తేలుతాయి. గోడో 4 ఇంజిన్‌లో అక్షరాల్ని కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి తెలుగు ఫాంట్ పెట్టగానే సరిగా వస్తుంది. యూనిటీ వదలలేమంటే హార్ఫ్‌బజ్ ప్లగిన్ చూసుకోవాలి, లేదా మారని పదాల్ని బొమ్మలుగా చేసుకోవాలి. ఇంగ్లిష్‌కు సరిపోయిన లైన్ ఎత్తు తెలుగుకు చాలదు. పై పంక్తి వొత్తూ కింది పంక్తి గుడీ కొట్టుకుంటాయి. లైన్ ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దగ్గర మొదలుపెట్టి చూడండి. కార్డు మీద వాక్యం 12 మాటలు దాటనివ్వకండి. అంకెను వాక్యం మధ్యలో ఇరికించకుండా పక్కన పెద్దగా వేయండి. ‘కోత: 48’ అన్నది చేయి చాచినంత దూరంలో ఉన్న ఫోన్‌లో, బస్సు కుదుపుల్లో కూడా చదవగలగాలి.

ఇట్లు,
మీ ప్రొటోటైప్ మూడో గంటదాకా ఆడటానికి సిద్ధంగా ఉన్న కొందరు ఆటగాళ్లు